గడియ

కాట్రేనికోన దాటాక కాలువకి ఊపిరాడదు.
ధవళేశ్వరంలో వదిలిన నీరు
దారిలో ప్రతి చేనుకీ ఆగి, పలకరించి, కూర్చుని
మా శివారు తూముకి వచ్చేసరికి
చీలమండ తడవదు.

నేను ఎరువుల కొట్లో గుమాస్తాని.
పందొమ్మిదేళ్లు యూరియా యూరియా అని రాసి
నా చేతిలో 'య' దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది.
అందరూ అడిగేది అదే.
నాలుగో రోజుకి చేను నల్లబడాలి,
గట్టు మీద పోయేవాడు సైకిలాపి చూడాలి.

ఆ దాళ్వాకి పెచ్చెట్టి వీరవేణి వచ్చింది.
ఎకరంన్నర కౌలు.
చేతిలో నలిగిన మట్టి పరీక్ష కాగితం,
ఒక అంకె చుట్టూ ఎవరో పెన్సిలుతో సున్నా చుట్టారు.
"యూరియా ఒక కట్ట తగ్గించి
ఆ డబ్బుకి పొటాష్ ఎంతొస్తే అంత రాయండి."
"దానికి రంగు రాదమ్మా" అన్నాను.
"రంగు నాకెందుకండీ, నేనేమన్నా చీర కొంటున్నానా?"

ఇటుక పొడిలాంటి ఎర్ర పలుకులు
అరచేతిలో పోసుకుని, ఒకటి నాలిక చివర పెట్టి
ముఖం చిట్లించి, సంచి మూతి కట్టేసింది.
దమ్ముకి ముందే
రైసుమిల్లు వెనక అడిగేవాడు లేని ఊక బూడిద
ఎన్ని సైకిలు మోతలు మోసిందో
ఆమే లెక్క పెట్టలేదు.

ఫిబ్రవరంతా ఆమె చేను వెలవెలగానే ఉంది.
పక్కన సూరిబాబు గారిది కాటుక పెట్టినట్టు నిగనిగ.
టీ బడ్డీ దగ్గర నవ్వారు.
నేనూ నవ్వాను.

మార్చిలో వంతులు పెట్టారు.
వారానికోసారి అన్నారు,
పదకొండు రోజులైంది.
పైరు చిరుపొట్ట మీదుంది.
పొట్టతో ఉన్నదానికి నీళ్లు లేవనడం
మా వైపు పాపమంటారు,
కాలువకి ఆ సంగతి ఎవరు చెబుతారు?

మిట్టమధ్యాహ్నం వెళ్లాను, చెప్పులు నెర్రెల్లో ఇరుక్కుంటున్నాయి.
సూరిబాబు గారి ఆకులు ఉల్లికాడల్లా చుట్టుకుని
కొసలు మాడాయి.
అబద్ధమెందుకు, ఆమె ఆకులూ ముడుచుకునే ఉన్నాయి.
కానీ పొద్దు వాలాక మళ్లీ వెళితే
ఆమెవి విప్పుకున్నాయి,
ఆయనవి అలాగే ఉన్నాయి.
ఒక ఆకు నిమిరితే నా వేలు కోసుకుంది,
బూడిద తిన్న ఆకు అంత బిరుసు.

వ్యవసాయ శాఖ కుర్రాడు చెప్పాడు:
ఆకుకి కంటికి ఆనని నోళ్లుంటాయట,
ఒక్కో నోటికి రెండు పెదాలు,
అవి కలుసుకోవాలంటే పొటాష్ కావాలట.
అది చాలని ఆకు, దాహంలోనూ
నోరు సరిగ్గా మూసుకోలేక
ఉన్న చెమ్మంతా గాలికి అప్పజెప్పేస్తుందట.

వీరవేణి కొంగుతో మెడ తుడుచుకుంది.
"తలుపుకి గడియన్నమాట.
ఇంట్లో ఉన్నది కొంచెమే అయినప్పుడే కదండీ
గడియతో పని."

పన్నెండో రాత్రి, రెండింటికి,
తూము గొంతులో గుటక పడ్డ చప్పుడు.
టార్చి వెలుగులో ఆమె పార పట్టుకుని
ఏమీ మాట్లాడకుండా మడవ తీసింది.

కోత అయింది.
ఆమెకి ఎకరానికి ఇరవయ్యారు బస్తాలు, ఆయనకి పదిహేడు.
మంచి ఏడైతే నలభై దాటే నేల ఇది.
మక్తా పద్దెనిమిది పోగా
ఆమెకి మిగిలింది ఎనిమిదే.
పొటాష్ నీళ్లు కాదు.
ఇంకో నాలుగు రోజులు తూము ఎండితే
ఏ గడియా ఆగేది కాదు,
అది ఆమెకి నాకన్నా బాగా తెలుసు.

అయినా ఈ ఏడు పొటాష్ అడిగినవాళ్లు ఏడుగురు.
అందులో సూరిబాబు గారు
ఎవరూ లేని వేళ చూసి వచ్చారు,
"ఒక్క సంచి, ఊరికే, చూద్దామని."
పద్దు రాశాను.
'పొ' ఇంకా నా చేతికి
సరిగ్గా తిరగడం లేదు.